ముందు లెక్క, తర్వాత రంగు

ఎమ్మిగనూరు ప్రాంతంలో మగ్గం మీద పువ్వంచు రావాలంటే అది ముందు గళ్ల కాగితం మీద పుట్టాలి. నిలువు గళ్లు పడుగు, అడ్డగళ్లు పేక. ఏ గడిలో పడుగు పోగు పైకి లేవాలో అక్కడ చుక్క పెడతారు, లేవనక్కర్లేని చోట ఖాళీ వదిలేస్తారు. ఆ చుక్కలే జాకార్డ్ అట్టల మీద రంధ్రాలై మగ్గం ఎక్కుతాయి. ఫ్రాన్స్‌లో జాకార్డ్ ఈ అట్టల మగ్గాన్ని 1804లో తయారుచేశాడు. అమెరికాలో రస్సెల్ కిర్ష్ 1957లో తన పసివాడి ఫొటోను కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు చేసింది కూడా ఇలాంటి పనే. ఫొటోను నిలువునా అడ్డంగా 176 గళ్ల చొప్పున విడగొట్టి, ప్రతి గడీ నలుపా తెలుపా అని యంత్రాన్ని అడిగాడు. మొత్తం 30,976 గళ్లు. ఈనాడు మనం పిక్సెల్ అంటున్నది ఆ గడినే. బొమ్మను గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక అంకె ఇచ్చి, ఆ అంకెలతో పని చేయించడం నేతగాడికి కొత్త కాదు. మనకే కొత్త.

ఈ అధ్యాయం వాదన అంతా ఆ గళ్ల కాగితం మీదే నిలబడింది. ఇమేజ్ ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది రంగుతో మొదలుపెడతారు. మంటలు లేచే అక్షరాలు, మెరుపులు, పొగ, హీరో వెనక సూర్యుడు. గళ్ల లెక్క తర్వాతెప్పుడైనా వస్తుందిలే అనుకుంటారు. అది రాదు. నేతలో గ్రాఫు గీయకుండా రంగు నూలు ఎంచేవాడు ఎక్కడ ఆగిపోతాడో వీళ్లూ అక్కడే ఆగిపోతారు: ఎవరో చేసిపెట్టిన డిజైన్‌లో పేరూ ఫొటో మార్చడం దగ్గర. లెక్క ముందు నేర్చుకున్నవాడికి మాత్రం ఎఫెక్టులన్నీ లెక్కల్లోంచే దిగివస్తాయి.

జానెడు దూరం నుంచి చూసే బొమ్మ

మన ఊళ్లలో ఈ పని నేర్పే బడి చాలాకాలంగా ఫ్లెక్సీ షాపే. అక్కడ వేగం వస్తుంది, ధైర్యం వస్తుంది, గిరాకీతో మాట్లాడడం వస్తుంది. ఆ బడిని తక్కువ చేయనక్కర్లేదు. కానీ ఫ్లెక్సీ అలవాట్లు వెబ్‌కు పనికిరావు. ఫ్లెక్సీని రోడ్డు అవతలి నుంచి చూస్తారు, ఫోన్‌ను జానెడు దూరం నుంచి చూస్తారు. ఫ్లెక్సీ మీద బొమ్మ ఎంత పెద్ద ఫైలైనా చూసేవాడికి ఖర్చు లేదు. వెబ్‌లో ప్రతి కిలోబైటూ చూసేవాడి డేటాలోంచి, ఓపికలోంచి పోతుంది. ఫ్లెక్సీ సిరాల రంగులతో అచ్చవుతుంది, తెర వెలుతురు రంగులతో వెలుగుతుంది. అచ్చు కోసం సీఎంవైకే అనే సిరా రంగుల పద్ధతిలో దాచిన బొమ్మను అలాగే వెబ్‌లో పెడితే రంగులు వింతగా కనబడతాయి. తెరల కోసం హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో ప్రతిపాదించిన ఎస్ఆర్‌జీబీ అనే రంగుల కొలమానంలోకి మార్చి పెట్టడమే ఇప్పటికీ క్షేమం.

మొదటి లెక్క కొలతది. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ కెమెరా తీసే ఫొటో దాదాపు 4000 గళ్ల వెడల్పు, 3000 గళ్ల ఎత్తు. అంటే కోటీ ఇరవై లక్షల గళ్లు. ఒక్కో గడికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు, అంకెకొక బైటు. కుదించకుండా దాస్తే అది మూడు కోట్ల అరవై లక్షల బైట్లు, సుమారు 36 మెగాబైట్లు. దాన్ని చూసే ఫోన్ తెర వెడల్పు మాత్రం తరచుగా 1080 గళ్లే. ఆ వెడల్పుకు దించితే బొమ్మ 1080 × 810, అంటే 8,74,800 గళ్లు. దాదాపు పద్నాలుగో వంతు. చూసేవాడి కంటికి ఒక్క గడీ తగ్గదు, బరువు మాత్రం పద్నాలుగింట పదమూడు వంతులు దిగిపోతుంది. ఏ ఎఫెక్టూ తెలియనివాడు ఈ ఒక్క పని చేయగలిగినా, దుకాణం వెబ్‌సైట్ తెరుచుకునే వేగం మారిపోతుంది.

అయితే కొలత తగ్గించడంలో కూడా ఒక చిక్కుంది. బట్టల ఊరివాళ్లకే అది ముందు ఎదురవుతుంది. సన్నని గళ్ల దుప్పటి ఫొటోను చిన్నది చేస్తే బట్టలో లేని అలల చారలు తెర మీద లేస్తాయి. నూలు గళ్ల వరుస, పిక్సెళ్ల వరుస ఒకదానితో ఒకటి పొసగకపోవడం వల్ల వచ్చే దోషం అది. మోయిరే అంటారు. దీనికి ఫిల్టర్లలో మందు వెతకడం కంటే లెక్కలో వెతకడం మేలు: కొలతను నాలుగుసార్లు కాకుండా ఒకేసారి, మంచి పద్ధతి ఎంచుకుని తగ్గించాలి, తగ్గించాక నూరు శాతం జూమ్‌లో చూడాలి. చారలు కనిపిస్తే కొలత కొంచెం మార్చాలి, లేదా తగ్గించే ముందు బొమ్మను పిసరంత మెత్తబరచాలి.

రెండో లెక్క ఫైలు రకానిది. 1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్ బొమ్మను ఎనిమిదేసి గళ్ల చదరాలుగా కోసి, కంటికి అంతగా తెలియని వివరాన్ని పారేస్తుంది. పైగా వెలుగు వివరాన్ని దాచినంత జాగ్రత్తగా రంగు వివరాన్ని దాచదు. సాధారణ సెట్టింగులో నాలుగు గళ్లకు కలిపి ఒకే రంగు వివరం మిగులుతుంది. అందుకే ఎర్రటి సన్నంచు పక్కబట్టలోకి కారినట్టు, ఎర్ర అక్షరాల చుట్టూ మరక పడినట్టు కనబడుతుంది. రంగు వివరాన్ని తగ్గించవద్దని జేపెగ్ దాచేటప్పుడే చెప్పవచ్చు. జింప్ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఎంపిక అక్కడే ఉంటుంది. అక్షరాలు, లోగోలు, పారదర్శకమైన నేపథ్యం ఉన్న బొమ్మలకు 1996లో వచ్చిన పీఎన్‌జీ మంచిది, అది దేన్నీ పారేయదు. 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీ రెండు పనులూ చేస్తూ సాధారణంగా ఇంకా చిన్న ఫైలే ఇస్తుంది. జేపెగ్‌ను తెరిచి మళ్లీ మళ్లీ దాస్తే ప్రతిసారీ కొంత పోతుంది. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన బొమ్మ అప్పటికే ఒకసారి నలిగింది. గిరాకీని ‘డాక్యుమెంట్‌గా పంపండి’ అని అడగడం కూడా ఈ విద్యలో భాగమే.

తెల్లదనం ఎవరిది?

మూడో లెక్క రంగుది. ఆదోని యార్డు రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి. అక్కడ కొనేవాడు పత్తిని చేతిలోకి తీసుకుని రంగు చూస్తాడు, తేమ చూస్తాడు, పింజ పొడవు చూస్తాడు. ధర వాటి మీదే ఆధారపడుతుంది. ఆ పత్తినే పసుపు బల్బు కింద ఫొటో తీస్తే ఒక గడిలో ఎరుపు 240, ఆకుపచ్చ 225, నీలం 190 రావచ్చు. తెలుపైతే మూడూ దాదాపు సమానంగా ఉండాలి. ఇక్కడ నీలం తగ్గింది కాబట్టి పసుపు కనిపిస్తోంది. ఎడిటింగ్ కొంచెం తెలిసినవాడు వెంటనే వెలుగునీ రంగునీ సరిచేసే లెవెల్స్ తెరిచి, ఇదే తెలుపని గుర్తు చూపే డ్రాపర్‌తో పత్తి మీద నొక్కుతాడు. మూడంకెలూ సమానమై పత్తి మల్లెపువ్వులా మెరుస్తుంది. అక్కడే తప్పు జరిగిపోయింది. బల్బు పసుపుతో పాటు పత్తిలో నిజంగా ఉన్న చాయ కూడా కొట్టుకుపోయింది. లెక్క తెలిసినవాడు పత్తి పక్కన ఒక తెల్లకాగితం పెట్టి ఫొటో తీస్తాడు, డ్రాపర్‌ను కాగితం మీద నొక్కుతాడు. అప్పుడు వెలుతురు దోషం మాత్రమే పోతుంది, పత్తి రంగు పత్తికే మిగులుతుంది.

ఎడిటింగ్ అంటేనే మోసం కదా అనే ఆక్షేపణకు జవాబు ఈ కాగితంలోనే ఉంది. కెమెరా తనంతట తాను నిజం చెప్పదు. వెలుతురును అదీ ఊహించుకుంటుంది. దిద్దని ఫొటో నిజమనీ దిద్దినది అబద్ధమనీ గీత గీయలేం. గీత గీయాల్సింది మరో చోట: మన సవరణ బొమ్మను వస్తువుకు దగ్గర చేసిందా, దూరం చేసిందా? 1938లో మాచాని సోమప్ప చొరవతో ఏర్పడిన చేనేత సహకార సంఘం ఎమ్మిగనూరు పేరును దూరదేశాలకు తీసుకెళ్లింది బట్ట నాణ్యత మీద నమ్మకంతోనే. తెర మీద చిలకపచ్చగా ఉండి, పార్సిల్ విప్పితే బచ్చలి ఆకు రంగులో ఉన్న బట్ట ఆ నమ్మకాన్ని ఒక్క రోజులో తినేస్తుంది. తిరిగొచ్చే పార్సిల్ ఖర్చు లెక్క వేస్తే, నిజమైన రంగు నీతి మాత్రమే కాదు, లాభం కూడా.

చెరపకుండా దిద్దడం

నాలుగోది లెక్కల్లో అన్నిటికంటే విలువైనది. జిన్నింగ్ మిల్లు గుమాస్తా పద్దు తప్పు పడితే అంకెను గీకేయడు. పాత పద్దును అలాగే ఉంచి, కింద సవరణ పద్దు వేస్తాడు. రేపు ఎవరైనా అడిగితే ఏది ఎందుకు మారిందో చూపించాలి కదా. ఎడిటింగ్‌లో లేయర్లు, అంటే పొరలు, సరిగ్గా ఆ పద్ధతే. 1990లో థామస్ నోల్, జాన్ నోల్ సోదరుల ఫోటోషాప్ తొలి రూపం బయటికొచ్చినప్పుడు అందులో లేయర్లు లేవు. అతికించి వదిలేసింది కింది బొమ్మలో కలిసిపోయేది. 1994లో మూడో రూపంతో లేయర్లు వచ్చాయి. అప్పటినుంచి అసలు ఫొటోను తాకకుండా, వెలుగు సవరణ ఒక పొరలో, రంగు సవరణ ఇంకో పొరలో, అక్షరాలు మరో పొరలో ఉంచడం వీలైంది. అయినా చాలామంది ఇప్పటికీ ఎరేజర్ పట్టుకుని అసలు బొమ్మనే చెరుపుతారు. ఎరేజర్ తీసేసింది తిరిగి రాదు. పొరను చెరపకుండా కప్పి ఉంచే మాస్క్ దాచినది మాత్రం, ఆ మాస్క్ మీద తెల్లరంగు పూస్తే మళ్లీ బయటికొస్తుంది. ‘అన్నా, మొన్నటిదే బాగుందే’ అని గిరాకీ అన్న రోజున ఈ తేడా విలువ తెలుస్తుంది. పొరలున్న మూల ఫైలు ఒకటి, వెబ్‌కు పంపే చిన్న ఫైలు ఒకటి, రెండూ విడివిడిగా దాచే అలవాటు మొదటి రోజు నుంచే పడాలి.

ఎఫెక్టులు కూడా ఈ పొరల మధ్య జరిగే కూడికలు, గుణింతాలే. మల్టిప్లై అంటే పేరులోనే ఉంది: పై గడి అంకెను కింది గడి అంకెతో గుణించి 255తో భాగించడం. పైన తెలుపు, అంటే 255 ఉంటే కిందిది యథాతథంగా మిగులుతుంది. నలుపు, అంటే సున్న ఉంటే అంతా నలుపే. రెండూ 128 అయితే 64 వస్తుంది. అందుకే తెల్లకాగితం మీద సిరాతో గీసిన ముగ్గును స్కాన్ చేసి మల్టిప్లై పెడితే కాగితం మాయమై గీతలే మిగులుతాయి. స్క్రీన్ దీనికి తిరగేసిన లెక్క, నలుపు మాయమై వెలుగు మిగులుతుంది. ఏటా జనవరి ప్రాంతంలో జరిగే ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు పోస్టరు చేస్తూ రథం మీద బాణసంచా వెలుగులు కావాలంటే, చీకటి ఆకాశంలో తీసిన బాణసంచా ఫొటోను పై పొరలో స్క్రీన్‌గా పెడితే చాలు, కత్తిరింపు అక్కర్లేదు. మంట, పొగ, వర్షం, దీపాల మెరుపు అన్నిటికీ ఇదే సూత్రం. వంద ఎఫెక్టుల పేర్లు కంఠస్థం చేసినవాడి కంటే ఈ రెండు గుణింతాలు అర్థమైనవాడు ఎక్కువ ఎఫెక్టులు చేయగలడు.

తెలుగువాళ్లకు ఈ విద్య కంప్యూటర్‌తో రాలేదు. కిర్ష్ తన పసివాడి ఫొటోను గళ్లుగా కోసిన 1957లోనే మనవాళ్లు ‘మాయాబజార్’ చూశారు. ఆ రోజుల్లో మార్కస్ బార్ట్‌లీ లాంటి ఛాయాగ్రాహకులకు ఉన్నది ఫిలిం, కెమెరా, వెలుతురు. ఫిలింలో కొంత భాగాన్ని మూసి మిగతా భాగం మీద ఒక దృశ్యం తీయడం, రీలు వెనక్కి తిప్పి మూసిన భాగం మీద ఇంకొకటి తీయడం నాటి ట్రిక్ ఫొటోగ్రఫీలో వాడుకలో ఉన్న పద్ధతి. ఆ మూతనే ఇప్పుడు మాస్క్ అంటున్నాం. ‘ఈగ’కు (2012) జాతీయ అవార్డు తెచ్చిన విజువల్ ఎఫెక్టుల పనిలోనూ పొరలు, మూతలు, అంచుల లెక్కే ప్రాణం. తేడా ఏమిటంటే అక్కడ ఆ లెక్క సెకనుకు ఇరవై నాలుగుసార్లు తప్పకూడదు. స్థిరమైన బొమ్మలో మాస్క్ చేతకానివాడు కదిలే బొమ్మలోకి దూకితే చేసేది ఇరవై నాలుగు రెట్ల తప్పు.

పత్తి పింజ అనే పరీక్ష

ఇక ఇప్పుడు గట్టిగా వినిపించే ఆక్షేపణ. ఒక్క మీట నొక్కితే నేపథ్యం తీసేసే యాప్‌లున్నాయి, మాట చెబితే బొమ్మ గీసే కృత్రిమ మేధ ఉంది, ఈ లెక్కలన్నీ ఎందుకు? ఇది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. ప్లాస్టిక్ బకెట్ ఫొటోకు నేపథ్యం తీయడానికి అరగంట కూర్చోవడం నిజంగానే వృథా, ఆ మీట నొక్కడమే తెలివి. కానీ అదే మీటను పత్తి పింజ మీద నొక్కి చూడండి. పింజ అంచున నూగు ఉంటుంది. అక్కడి గడిలో సగం పత్తి, సగం నేపథ్యం. పత్తి 240, వెనక నల్లగుడ్డ 40 అయితే ఆ గడి 140. దాన్ని ఉంచితే తెల్లపేజీ మీద బూడిద అంచు కనిపిస్తుంది, తీసేస్తే పింజ సబ్బుబిళ్లలా నున్నగా తయారవుతుంది. ఒక గడి ‘ఉంది’ లేదా ‘లేదు’ మాత్రమే కాక, ‘సగం ఉంది’ కూడా కావచ్చన్నదే ఆల్ఫా అనే భావన. ఇలా పాక్షికంగా ఉన్న పొరలను ఒకదాని మీద ఒకటి ఎలా కలపాలో పోర్టర్, డఫ్ అనే ఇద్దరు 1984లో సూత్రబద్ధం చేశారు. అది తెలిసినవాడు రెండు పనులు చేస్తాడు: మాస్క్ అంచును కరకుగా కాక మెత్తగా ఉంచుతాడు, తెల్లపేజీకి కావలసిన పింజను ముందే లేత నేపథ్యం మీద ఫొటో తీస్తాడు. సగం ఎడిటింగ్ కెమెరా దగ్గరే అయిపోతుంది. చీర కొంగు కుచ్చులకూ ఇదే మందు.

కృత్రిమ మేధ విషయంలో జాగ్రత్త ఇంకో మెట్టు పైన. ఫొటోలో చిరిగిన మూల పూరించమంటే అది ‘ఇలా ఉండవచ్చు’ అని ఊహించి పూరిస్తుంది. ఆకాశానికి, గోడకు ఆ ఊహ చాలు. నేసిన అంచుకు చాలదు. మగ్గం మీద లేని పువ్వు ఒకటి అంచులో మొలుస్తుంది. గ్రాఫు తెలిసిన కన్ను దాన్ని పట్టుకుంటుంది, తెలియని కన్ను మెచ్చుకుంటుంది. యంత్రం పని పెరిగేకొద్దీ, దాని పనిని తూచగల కన్నుకు విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఖర్చు ఎక్కువ, కంప్యూటర్ పాతది అనేది మరో అభ్యంతరం. ఫోటోషాప్‌కు నెలనెలా చందా కట్టాలి, నిజమే. కానీ బర్క్‌లీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టి 1996లో జనం ముందు పెట్టిన జింప్ ఇప్పటికీ ఉచితం. ఫోటోపీ ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే నడుస్తుంది. కొలత, ఫైలు రకం, లెవెల్స్, లేయర్, మాస్క్, మల్టిప్లై అన్నీ రెంటిలోనూ ఉన్నాయి. దొంగ కాపీతో నేర్చుకోవడం కంటే వీటితో నేర్చుకోవడం మేలు. మెనూలు వేరైనా లెక్క ఒకటే కాబట్టి రేపు ఏ ఆఫీసులో ఏ సాఫ్ట్‌వేర్ ఇచ్చినా వారంలో చేయి తిరుగుతుంది.

‘ఇక్కడ గిరాకీ ఎక్కడిది, బెంగళూరో హైదరాబాదో పోవాలి’ అనే మాటలో సగం నిజముంది. సినిమా ఎఫెక్టుల పనికి పెద్ద ఊళ్లే దిక్కు. వెబ్ బొమ్మల పని అలాంటిది కాదు. దుప్పట్లు అమ్మే షాపు, మంత్రాలయం యాత్రికుల కోసం గదులిచ్చే లాడ్జి, విత్తనాల అంగడి, మిఠాయి దుకాణం, వీళ్లందరికీ ఫోన్‌లో కనిపించే ముఖం కావాలి. ఆ ముఖం మీద తెలుగు కావాలి. తెలుగు అక్షరం దగ్గర బయటివాడు తడబడతాడు. డీటీపీలో అలవాటైన అను ఫాంట్ల రాతను వెబ్‌పేజీలో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి, అక్కడ యూనికోడే కావాలి. ఫోటోషాప్‌లో భారతీయ లిపుల అక్షర కూర్పును ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి. ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ లాంటి మాటల్లో వత్తుల బరువు కిందికి దిగి కింది వరుస గుడులకు తగులుతుంది కాబట్టి వరుసల మధ్య ఇంగ్లీషుకు ఇచ్చేదానికంటే ఎక్కువ ఖాళీ వదలాలి. ధర, చిరునామా లాంటివి బొమ్మలో ఇరికించకుండా పేజీలో అక్షరాలుగానే ఉంచితే వెతికేవాడికి దొరుకుతాయి. ఇవన్నీ తెలుగు చదివే కన్నుకే తెలిసే దోషాలు.

సాధన క్రమం కూడా ఈ వాదనలోంచే వస్తుంది. మొదటి వారం కొలత, ఫైలు రకం తప్ప ఇంకేమీ ముట్టుకోవద్దు: ఒకే ఫొటోను ఐదు రకాలుగా దాచి, బరువులు పక్కపక్కన రాసుకోండి. రెండో వారం తెల్లకాగితంతో రంగు సరిచేయడం. మూడో వారం మాస్క్, బకెట్‌తో మొదలుపెట్టి పత్తి పింజతో ముగించండి. నాలుగో వారానికి గానీ మల్టిప్లై, స్క్రీన్ జోలికి పోవద్దు. నెల తిరిగాక ఇంట్లో ఉన్న ఒక నేతచీరను ఫొటో తీసి, దిద్ది, 1080 గళ్లకు దించి, మూడు వేర్వేరు ఫోన్లలో తెరవండి. పగటి వెలుతురులో చీరను పరిచి, ఆ మూడు ఫోన్లనూ దాని మీదే పెట్టండి. మూడు తెరలూ అచ్చంగా ఒకేలా ఉండవు, ఉండనక్కర్లేదు. ఇంట్లో చీర కట్టేవాళ్లను పిలిచి, ఏ తెరలో చీర ఈ చీరలా ఉందో అడగండి. మూడిట్లోనూ ఇదే చీర అంటే మీ లెక్క కుదిరింది. ‘ఇందులో ఇంకా బాగుందే’ అని ఒక ఫోన్ చూపిస్తే మళ్లీ కాగితం దగ్గర నుంచి మొదలుపెట్టండి.